పద్దు పుస్తకంలో అమెరికా బడి

(గుంటూరులో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. మైకు కాస్త దూరంగా పెట్టుకుంటాను. పాఠాలు చెప్పీ చెప్పీ నా గొంతు మామూలుగానే పెద్దది. వెనక వరసలో వినపడుతోందా? సరే.

కార్యదర్శిగారు నన్ను పరిచయం చేస్తూ అమెరికా విద్యాచరిత్రలో పరిశోధకుడినన్నారు. అంత లేదండీ. ముప్పయ్యేళ్ళు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పాను, రిటైరయ్యాను. మా అమ్మాయి పురుటికని న్యూజెర్సీ వెళ్ళి ఆర్నెల్లు ఉన్నాం. అక్కడికి వెళ్ళిన తల్లిదండ్రుల సంగతి మీలో సగంమందికి అనుభవమే. కారు నడపడం రాదు, బస్సు ఎక్కడ ఆగుతుందో తెలీదు. మనవడు నిద్రపోతే ఇంట్లో దగ్గాలన్నా భయమే. నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్నది ఊరి లైబ్రరీ ఒక్కటే. అలా మొదలైంది.

అసలు కారణం ఇంకోటుంది. అప్పుడు మా అల్లుడు ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్నాడు. ప్రతి శనాదివారాలూ ఇళ్ళు చూడటమే పని. మనవాళ్ళు కదా, ముందు వాస్తు అడుగుతారనుకున్నా. కాదు, స్కూల్ డిస్ట్రిక్ట్ ఏది, అంటే ఆ ఇల్లు ఏ బడుల పరిధిలోకొస్తుంది, రేటింగు పదికెంత అని అడుగుతున్నారు. ఆ తర్వాతే తూర్పు ముఖమా కాదా అని. (నవ్వులు) ఒకే రోడ్డు, ఇటుపక్క ఇల్లు ఒక ధర, అటుపక్క అలాంటి ఇల్లే ఇంకో ధర. "ఏంటి బాబూ, రెండూ గవర్నమెంటు బడులే కదా" అన్నాను. "ఇక్కడ బడి చాలావరకు ఇంటిపన్ను మీద నడుస్తుంది మామయ్యగారూ, ఏ ఊరి పన్ను ఆ ఊరి బడికే" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే నేను లైబ్రరీకి తిరిగాను. బడి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, ఎందుకు పెట్టుకున్నారు? ఇవాళ నేను చెప్పేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

బి.ఎడ్. చదివినవాళ్ళకి అమెరికా విద్యాచరిత్ర ఎలా చెప్తారో తెలుసు. ఇంగ్లండు నుంచి వలసొచ్చిన ప్యూరిటన్లనే క్రైస్తవ శాఖవాళ్ళు 1636లో హార్వర్డ్ పెట్టారు, 1647లో ఊరూరా బడి ఉండాలని చట్టం చేశారు, 1837లో హోరేస్ మాన్ మసాచుసెట్స్‌లో విద్యామండలి కార్యదర్శి అయ్యాడు, ఇక అంతా వెలుగే. ఈ కథని గట్టిగా నిలబెట్టినవాడు స్టాన్‌ఫర్డ్‌లో ఉండే కబర్లీ, 1919 ప్రాంతంలో. టీచర్ ట్రైనింగ్ కాలేజీల్లో కొన్ని తరాలు ఆయన చెప్పిన కథే చదువుకున్నాయి. 1960లో బెర్నార్డ్ బెయిలిన్ అనే హార్వర్డ్ చరిత్రకారుడు వచ్చి, ఇది చరిత్ర కాదు, ఉపాధ్యాయ వృత్తి తనకి తాను రాసుకున్న స్తోత్రం అన్నంత పని చేశాడు. ఇవాళ్టి బడిని నిన్నటిలో వెతుక్కుంటే అప్పుడు పిల్లలు నిజంగా ఎక్కడ నేర్చుకున్నారో కనపడదు అని ఆయన వాదన. ఇంట్లో, చర్చిలో, పనివాడి దగ్గర శిష్యరికంలో నేర్చుకున్నారు కదా.

1647 చట్టాన్నే చూడండి. 50 కుటుంబాలుంటే చదవడం, రాయడం నేర్పే అయ్యవారిని పెట్టాలి. 100 కుటుంబాలుంటే లాటిన్ నేర్పే గ్రామర్ స్కూలు పెట్టాలి. బైబిల్ తెలియకుండా చేసి మనుషుల్ని మోసం చెయ్యడమే సైతాను పన్నాగం, దాన్ని ఓడించాలి అని ఆ చట్టం మొదట్లోనే రాసుకున్నారు. చదవడానికి ఎంతో గొప్పగా ఉంటుంది. ఆఖరి వాక్యంలో జరిమానా ఉంది, గ్రామర్ స్కూలు పెట్టకపోతే ఏడాదికి 5 పౌండ్లు. కొన్ని ఊళ్ళు లెక్క చూసుకున్నాయి. లాటిన్ వచ్చిన అయ్యవారి జీతం కన్నా జరిమానాయే చవక! అందుకే తర్వాత ఆ జరిమానా పెంచుకుంటూ పోవాల్సొచ్చింది. చట్టం మొదటి వాక్యంతోనే ఆగిపోతే ఈ సంగతి తెలీదు.

గుంటూరులో కూర్చుని అమెరికా బడి అంటే అందరికీ ముందు అమెరికా మిషనరీలు పెట్టిన ఏసీ కాలేజీ గుర్తొస్తుంది. ఇవాళ దాని జోలికి పోను. అదొక ప్రసంగం. ఇంకా వెనక్కి, మద్రాసుకి వెళ్దాం.

యేల్ యూనివర్సిటీ పేరు వినని తెలుగు తల్లిదండ్రులు లేరు. ఆ పేరు ఎవరిదో మాత్రం చాలామందికి తెలీదు. ఎలీహు యేల్. 1672లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా మద్రాసులో దిగాడు. 1687లో సెయింట్ జార్జి కోటకి గవర్నరయ్యాడు. అదే ఏడు ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాడు, మద్రాసు చుట్టుపక్కల నేలకి యజమాని మారాడు. కంపెనీ పనికన్నా సొంత వ్యాపారం మీద ఎక్కువ మోజు పడ్డాడన్న ఆరోపణలతో 1692లో ఆయన్ని దించేశారు. ఆ లోపే కావలసినంత సంపాదించాడు. కోరమాండల్ తీరంలో వ్యాపారమంటే అప్పట్లో ప్రధానంగా బట్ట. ఆ బట్ట నేసింది తెలుగు సాలెలూ, అరవ సాలెలూ. ఆయన హయాంలో ఆ రేవు నుంచి బానిసలుగా మనుషుల్ని కూడా ఓడలెక్కించారు.

కనెటికట్‌లో ఓ చిన్న కాలేజీ ఉండేది, కట్టడం పూర్తికాక డబ్బుకి కటకటలాడుతోంది. లండన్‌లో స్థిరపడిన ఈ ధనవంతుడికి ఉత్తరాలు రాశారు. 1718లో ఆయన 9 మూటల సరుకు, 417 పుస్తకాలు, జార్జి రాజుగారి పటం ఒకటి పంపాడు. ఆ సరుకులో కాలికో, మస్లిన్ అనే నూలుబట్టలున్నాయి. బోస్టన్‌లో అమ్మితే 560 పౌండ్ల పైచిలుకు వచ్చింది. కాలేజీకి ఆయన పేరు పెట్టేశారు. ఇంత పేరు ఇంత చవగ్గా ఎవరికైనా దొరికిందంటారా? మన దగ్గర కల్యాణమండపానికి పేరు పెట్టాలన్నా అంతకన్నా ఎక్కువ అడుగుతారు. (నవ్వులు)

రెండోది ఇంకా ముచ్చటైన సంగతి. పెద్దవాళ్ళకి గుంట ఓనమాలు గుర్తున్నాయా? వీధి అరుగు మీద బడి, ఇసుక పోసి, వేలితో అక్షరం దిద్దించడం. కొంచెం వచ్చిన పిల్లాడు అసలు రానివాడికి దిద్దబెట్టడం. అయ్యవారు ఒక్కడే, పిల్లలు మాత్రం ఎంతమందైనా ఉండొచ్చు. 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో ఆండ్రూ బెల్ అనే పాదిరీ, సిపాయి దొరల అనాథ మగపిల్లల బడికి పెద్దగా ఉండేవాడు. ఓ రోజు దారిలో ఇలాంటి బడి చూశాడు. తన బడిలో పెట్టాడు. లండన్ వెళ్ళి 1797లో దాని గురించి అచ్చేశాడు. అక్కడ జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాడు, దాదాపు అదే పద్ధతిని పెద్ద ఎత్తున నడిపాడు. ఇద్దరిలో ఎవరు ముందు అని జీవితాంతం కొట్టుకున్నారు. అరుగు మీది అయ్యవారి పేరు మాత్రం ఇద్దరి పుస్తకాల్లోనూ లేదు.

న్యూయార్క్‌లో 1805లో బీదపిల్లల కోసం ఒక ఫ్రీ స్కూల్ సొసైటీ పుట్టింది. మరుసటేడు బడి తెరిచారు, లాంకాస్టర్ పద్ధతిలో. వందలమంది ఒకే హాల్లో, ముందు వరసకి ఇసుకబల్ల. ఆ పద్ధతి ఎందుకు నచ్చిందో దాచుకోలేదు వాళ్ళు. చవక. ఒక్క జీతంతో ఐదొందలమందికి చదువు. శిక్షల్లో కూడా పోలిక ఉంది, వినండి. మన వీధిబడిలో కోదండం వేసేవారు, తాడుకి వేలాడదీసి. లాంకాస్టర్ చెప్పిన శిక్షల్లో ఒకటి, అల్లరి పిల్లాణ్ణి బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకి వేలాడదీయడం. ఇది కూడా మద్రాసు నుంచే వెళ్ళిందని నేననను. పిల్లల్ని ఏడిపించడానికి ఎవరి తెలివి వాళ్ళకుంటుంది. లాంకాస్టర్ చివరికి 1838లో న్యూయార్క్ వీధిలో గుర్రపుబండి కిందపడి పోయాడు.

పల్లెల సంగతి వేరు. అక్కడ ఒంటిగది బడి. చాలాచోట్ల అయ్యవారికి జీతం కొంత, తిండి కొంత. తిండి ఎలాగంటే, వారం వారం ఒక్కో పిల్లాడి ఇంట్లో. మన దగ్గర బీదపిల్లలు వారాలు చేసుకుని చదువుకున్నారు కదా, అక్కడ పంతులే వారాలు చేసుకున్నాడు. పొయ్యిలోకి కట్టెలు తల్లిదండ్రుల వాటా. మిగిలిన ఖర్చుకి రేటు బిల్లని ఉండేది. పిల్లాడు ఎన్ని రోజులు బడికొస్తే అన్ని రోజులకి డబ్బు. ఏమవుతుంది? డబ్బులేనివాడు పిల్లాణ్ణి మాన్పిస్తాడు. న్యూయార్క్‌లో ఈ రేటు బిల్లు 1867 దాకా పోలేదు. మా అల్లుడున్న న్యూజెర్సీలో 1871 దాకా ఉంది. అప్పటికి హోరేస్ మాన్ పోయి పన్నెండేళ్ళు.

మాన్‌ని నేను తక్కువ చెయ్యడం లేదు. పదకొండేళ్ళలో పన్నెండు నివేదికలు రాశాడు, జర్మన్ రాజ్యమైన ప్రష్యా వెళ్ళి బడులు చూసొచ్చాడు, టీచర్లకి ట్రైనింగ్ ఉండాలని 1839లో లెక్సింగ్టన్‌లో నార్మల్ స్కూలు తెరిపించాడు. మొదటిరోజు ముగ్గురమ్మాయిలు వచ్చారు. అమ్మాయిలనే ఎందుకు టీచర్లుగా రమ్మన్నారంటే, ఆడవాళ్ళకి ఓర్పు ఎక్కువ, తల్లి మనసు అని ఉపన్యాసాల్లో ఉంటుంది. జీతాల రిజిస్టరు చూస్తే మగ పంతులుకిచ్చేదాంట్లో సగం, చాలాచోట్ల సగం కన్నా తక్కువ. అమ్మా, మీలో ప్రైవేటు స్కూళ్ళలో పనిచేసేవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాగితం గురించి చెప్తాను. మసాచుసెట్స్‌లో సముద్రం పక్కన బెవర్లీ అని ఒక ఊరు. చెప్పులు కుట్టేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, వ్యవసాయదారులు, కొందరు వర్తకులు. 500 కుటుంబాలున్న ప్రతి ఊరూ హైస్కూలు పెట్టాలని 1827 చట్టం. ఈ ఊరు ముప్పయ్యేళ్ళు తప్పించుకుని, ఆఖరికి పెట్టింది. రెండేళ్ళు నడిచింది. 1860 మార్చి 14న ఊరంతా సమావేశమై, ఈ హైస్కూలు ఉంచాలా తీసెయ్యాలా అని ఓటు పెట్టుకున్నారు. తీసెయ్యమని 249. ఉంచమని 143. తీసేశారు.

మామూలుగా అయితే కథ ఇక్కడితో సరి. కానీ ఎవరో పుణ్యాత్ముడు ఎవరు ఎటు ఓటేశారో పేరు పేరునా రాసిపెట్టాడు. రహస్య ఓటు కాదు కదా. నూరేళ్ళు గడిచాక మైకేల్ కాట్జ్ అనే కుర్ర చరిత్రకారుడికి ఆ జాబితా దొరికింది. దాన్ని పక్కన పెట్టుకుని జనాభా లెక్కలు తీశాడు, పన్ను రిజిస్టరు తీశాడు. ఈ పేరుగలాయన ఏం పని చేస్తాడు, ఆస్తి ఎంత, ఒక్కొక్కరినీ. 1968లో అచ్చేశాడు. ఉంచమన్నవాళ్ళలో ఊరి పెద్దమనుషులు, ఆస్తిపరులు ఎక్కువ. తీసెయ్యమన్నవాళ్ళలో చెప్పులు కుట్టేవాళ్ళూ, లేనివాళ్ళూ ఎక్కువ. బీదవాళ్ళ మేలు కోసం పెట్టామన్న హైస్కూలుని బీదవాళ్ళే వద్దన్నారు!

వాళ్ళు తెలివితక్కువవాళ్ళనుకోకండి. అదే సమయంలో పక్కనున్న లిన్ ఊళ్ళో చెప్పుల పనివాళ్ళ పెద్ద సమ్మె నడుస్తోంది, ఫిబ్రవరి 22న మొదలైంది. మిషన్లొచ్చి కూలి పడిపోతోంది. పదమూడేళ్ళ కొడుకు పనిలోకి రాకపోతే ఇల్లు గడవదు. ఆ హైస్కూలుకి వెళ్ళేది ఎవరి పిల్లలో వాళ్ళ కళ్ళకి కనపడుతూనే ఉంది. పన్ను మాత్రం అందరూ కట్టాలి. నేనైనా వాళ్ళ స్థానంలో ఉంటే ఎటు ఓటేసేవాణ్ణో గ్యారంటీగా చెప్పలేను.

దీనికో తోక ఉంది. 1985లో మారిస్ వినోవ్‌స్కిస్ అనే ఇంకో ఆయన అదే జాబితాని మళ్ళీ లెక్కగట్టాడు. బీదా గొప్పా తేడా ఒక్కటే కాదు, ఊరి మధ్య ఉన్నవాడా, శివారులో ఉన్నవాడా అన్నదీ చూడాలి, పన్ను బరువూ చూడాలి అన్నాడు. శివారు వాడికి బడి దూరం కదా. నాకు కాట్జ్ వేసిన ప్రశ్న నచ్చింది, వినోవ్‌స్కిస్ చేసిన లెక్క నచ్చింది. మన దగ్గర ఇలాంటి జాబితా ఒక్కటి దొరికినా చాలు, నేను మళ్ళీ ఉద్యోగంలో చేరిపోతాను.

పన్ను అంటే ఇంకో తండ్రి గుర్తొస్తాడు. బెంజమిన్ రాబర్ట్స్, బోస్టన్‌లో ప్రింటరు, నల్లజాతి మనిషి. ఆయన కూతురు శారా, ఐదేళ్ళ పిల్ల. నల్లపిల్లల కోసం కేటాయించిన బడికి వెళ్ళాలంటే దారిలో ఐదు తెల్లపిల్లల బడులు దాటిపోవాలి. కోర్టుకెక్కాడు. చార్లెస్ సమ్నర్, రాబర్ట్ మోరిస్ వాదించారు. 1850లో ఓడిపోయారు. వేరుగా ఉంచడం స్కూల్ కమిటీ ఇష్టం అన్నాడు జడ్జి లెమ్యుయెల్ షా. రాబర్ట్స్ ఊరుకోలేదు. ఊరూరా తిరిగి సంతకాలు పోగుచేశారు, 1855లో మసాచుసెట్స్ శాసనసభే ఆ పద్ధతిని రద్దు చేసింది. కానీ ఓడిన తీర్పు చావదు కదా. 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు, రైలుపెట్టెలు వేరుగా ఉండొచ్చని చెప్పడానికి ఈ బడి తీర్పునే ఆసరా చేసుకుంది. బడుల్లో అలా వేరుచెయ్యడం చెల్లదని 1954లో బ్రౌన్ కేసులో చెప్పేదాకా అదే నడిచింది. ఐదేళ్ళ పిల్ల నడిచిన దారి మీద వంద చిల్లర ఏళ్ళు దేశమంతా నడిచింది.

యూనివర్సిటీల పద్దులు ఇంకా చేదు. జార్జిటౌన్ కాలేజీ నడిపే జెసూట్ పాదిరీలు 1838లో 272 మంది బానిసల్ని లూసియానాకి అమ్మారు, 1,15,000 డాలర్లకి. అందులో కొంత కాలేజీ అప్పు తీర్చడానికి పోయింది. ఆ అమ్మకం కాగితంలో మనుషుల పేర్లున్నాయి, పక్కన వయసులున్నాయి, చంటిపిల్లలతో సహా. దీని మీద నేనేం వ్యాఖ్యానించను.

భూమి దగ్గరికి వద్దాం, మనకి బాగా అర్థమయ్యే విషయం. గుడికి మాన్యం ఉన్నట్టు అక్కడ బడికి మాన్యం ఇచ్చారు. 1785లో చట్టం చేశారు. పడమటి భూముల్ని ఆరు మైళ్ళ చదరాలుగా కొలిచి, ఒక్కోదాన్ని 36 ముక్కలు చేసి, అందులో 16వ ముక్క, 640 ఎకరాలు, బడి కోసం వదిలిపెట్టాలని. 1862లో లింకన్ మోరిల్ చట్టం మీద సంతకం పెట్టాడు. ఒక్కో రాష్ట్రానికి, దాని సెనేటర్లూ ప్రతినిధులూ ఎంతమందో లెక్కగట్టి, మనిషికి 30,000 ఎకరాల చొప్పున. అమ్ముకుని వ్యవసాయం, ఇంజనీరింగు నేర్పే కాలేజీలు పెట్టుకోండి అని. తమ రాష్ట్రంలో ఖాళీ నేల లేకపోతే వేరేచోట తీసుకోవడానికి పత్రాలిచ్చారు. న్యూయార్క్ వాటా దాదాపు 9,90,000 ఎకరాలు. ఎజ్రా కార్నెల్ ఆ పత్రాలతో విస్కాన్సిన్‌లో పైన్ అడవులు పట్టి, ధర పెరిగేదాకా ఆగాడు. రియల్ ఎస్టేటంటే అదీ. కార్నెల్ యూనివర్సిటీ అలా బలిసింది.

ఖాళీ నేల అన్నాను కదా, అది ఖాళీగా ఎలా ఉంది? 2020లో ఒక పత్రిక తరఫున రాబర్ట్ లీ, ట్రిస్టన్ ఆటోన్ అని ఇద్దరు పట్టాలన్నీ ఒక్కొక్కటీ తిరగేశారు. దాదాపు 1 కోటి 10 లక్షల ఎకరాలు, దాదాపు 250 తెగల నుంచి తీసుకున్నవి. కొన్నిటికి ఒప్పందం ఉంది, కొన్నిటికి అదీ లేదు.

మోరిల్ చట్టం కింద 1863లో మొదలైన వాటిలో కాన్సాస్ వ్యవసాయ కాలేజీ ఒకటి. మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో రాజేంద్రనగర్‌లో పెట్టినప్పుడు అమెరికా ప్రభుత్వ సాయంతో తోడు నిలబడింది ఆ కాన్సాస్ వాళ్ళే. పాఠం, పరిశోధన, రైతు దగ్గరికి విస్తరణ, మూడూ ఒకే గొడుగు కింద ఉండాలన్న పద్ధతి వాళ్ళది. బాపట్లలో చదివినవాళ్ళు ఈ హాల్లో ఉంటారు. మీ సిలబస్‌కి తాతగారు ఆ చట్టమే.

ఇక మా అల్లుడి ఇల్లు. 1968లో టెక్సాస్‌లో శాన్ ఆంటోనియోలో దిమిత్రియో రోడ్రిగెజ్ అని విమానాల రేకు పనిచేసే మనిషి, తోటి తల్లిదండ్రులతో కలిసి కేసు వేశాడు. వాళ్ళది ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్ట్, మెక్సికన్ మూలాల బీదవాళ్ళు. అదే నగరంలో ఆలమో హైట్స్, డబ్బున్నవాళ్ళది. ఎడ్జ్‌వుడ్‌లో ఆస్తి విలువ 100 డాలర్లకి 1.05 డాలరు పన్ను, ఆలమో హైట్స్‌లో 0.85. ఎక్కువ పన్ను వేసుకున్నది బీదవాళ్ళే. అయినా ఇళ్ళ విలువే లేనప్పుడు ఏం రాలుతుంది? అన్ని నిధులూ కలిపి ఒక్కో పిల్లాడి మీద ఎడ్జ్‌వుడ్ పెట్టగలిగింది 356 డాలర్లు, ఆలమో హైట్స్ 594. 1973లో సుప్రీంకోర్టు 5-4తో రోడ్రిగెజ్‌కి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చదువు అమెరికా రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాదంది. ఆ తర్వాత రాష్ట్రాల కోర్టుల్లో, మా అమ్మాయి వాళ్ళ న్యూజెర్సీతో సహా, చాలా పోరాటాలు జరిగాయి, నిధులు కొంత సర్దారు. కానీ రోడ్డుకి ఇటొక ధర, అటొక ధర ఇంకా అలాగే ఉంది. మా అల్లుడు చివరికి ఖరీదైన వైపే కొన్నాడు. నేనే మంచిరోజు చూసిపెట్టాను. (నవ్వులు)

ప్రశ్నలుంటే అడగండి. ఆ, మీరు, వెనకాయన.

(శ్రోత: మాస్టారూ, అంటే అమెరికావాళ్ళకి బడి నడపడం నేర్పింది మన వీధిబడేనన్నమాట. ఈ విషయం మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదండీ?)

ఉండాలి. కానీ ఛాతీ విరుచుకునే ముందు ఒక లెక్క చెప్తాను. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరినీ మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెంతమంది అని అడిగాడు. మరుసటేడు బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్లే. అప్పటి బళ్ళారి అంటే ఇప్పటి అనంతపురం కూడా అందులోనే. ఇక్కడ తక్కువ ఖర్చుతో రాత నేర్పే తీరూ, పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పే తీరూ మెచ్చుకోదగ్గవి, ఇంగ్లండు దీన్ని చూసి నేర్చుకోవడం సబబే అన్నాడు. మీరన్నదానికి సాక్ష్యం అదే. ఆ ఉత్తరంలోనే అంకెలున్నాయి. జిల్లా మొత్తానికి 533 బడులు, ఆరువేల పైచిలుకు పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. పిల్లల్ని మాన్పిస్తున్న ఇళ్ళ గురించీ రాశాడు. జనం పేదవాళ్ళవుతున్నారు, కొంచెం ఎదిగిన పిల్లాణ్ణి కూలికి పంపక తప్పడం లేదు అని. బెవర్లీ చెప్పుల పనివాళ్ళ కన్నా ముప్పయ్యేడేళ్ళ ముందు సంగతి ఇది. పాఠ్యపుస్తకంలో పెడితే ఆ ఉత్తరం మొత్తం పెట్టాలండీ, మెచ్చుకున్న ఒక్క వాక్యం కాదు.

ఇంకెవరైనా? అమ్మా, చెయ్యెత్తారు, చెప్పండి.

(శ్రోత: నేను ఎం.ఎడ్. చేస్తున్నానండీ. ఇలా చెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?)

మీది ఏ ఊరమ్మా? రేపల్లె పక్కనా? జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది కదా మీ ఊళ్ళో. దాని స్థలం ఎవరిచ్చారో కనుక్కోండి. దాత పేరు గోడ మీద రాసే ఉంటుంది, అది చాలదు. రిజిస్ట్రారాఫీసుకెళ్ళి దస్తావేజు నకలు తీయించండి. ఆ పొలం అంతకుముందు ఎవరి సాగులో ఉందో చూడండి. తర్వాత అడ్మిషన్ రిజిస్టరు అడగండి, మొదటి పదేళ్ళది. హెడ్మాస్టరుగారు వెంటనే ఇవ్వరు. రెండు మూడుసార్లు తిరగాలి.